మడికట్టుకున్న కడుపు

అనగనగా ఒక అడవిలో ఒక ఎలుగుబంటి ఉండేది. అడవిలో ఎలుగుబంటి ఉండటం వింత కాదు. ఆ ఎలుగుబంటి కడుపులో ఇంకో అడవి ఉండేది. అదీ వింత కాదు. మీ కడుపులోనూ ఉంది, నా కడుపులోనూ ఉంది. కంటికి కనపడనంత చిన్న ప్రాణులు కోట్లకొద్దీ అందులో కాపురం ఉంటాయి. పెద్ద చదువులు చదివినవాళ్లు వాటిని బ్యాక్టీరియా అంటారు. వింత ఏమిటంటే, ఆ ఎలుగుబంటికి ఈ సంగతి తెలియదు. కడుపు మొత్తం తనదే అనుకునేది.

ఆయన పేరు గుబురుమూర్తి. 'ఆయన' అని ఎందుకంటున్నానంటే, ఆయన ఆ అడవికి న్యాయాధికారి. అధికారంలో ఉన్నవాళ్లు నాలుగు కాళ్లమీద నడిచినా సరే, 'గారు' అనడం మన అలవాటు.

గుబురుమూర్తి గారికి శుభ్రం అంటే ప్రాణం. కొండ పక్కన ఒక ఉడుకుబుగ్గ ఉంది. నేలలోంచి సలసల కాగే నీళ్లు పొంగే చోటన్నమాట. గుడ్డు వేస్తే ఉడికిపోయేది. ఆయన ఏది తిన్నా ముందు ఆ బుగ్గలో ముంచాల్సిందే. రేగుపళ్లు ముంచేవారు. దుంపలు ముంచేవారు. తేనెపట్టు కూడా ముంచేవారు. తేనె కరిగి నీళ్లలో కలిసిపోయేది. పైన తేలిన మైనం నాకి, "ఆహా, ఎంత శుద్ధమైన తేనె!" అనేవారు.

ఎవరైనా నవ్వితే ఆయనకి కోపం వచ్చేది.

"ఆ పండుమీద ఎవరెవరు వాలారో! ఎవరెవరి కాళ్లు తగిలాయో! ఊరూ పేరూ తెలియనివాళ్లని లోపలికి రానిస్తామా?" అనేవారు.

ఇంత శుభ్రంగా ఉన్నవారి కడుపు ఎంత బాగుండాలి? బాగుండేది కాదు. ఒకరోజు నీళ్లలా పోయేది. మర్నాడు బండరాయిలా బిగిసేది. మధ్యలో ఉబ్బరం. తీర్పు చెప్పాల్సిన రోజైతే చెప్పనే అక్కర్లేదు. తెల్లవారకుండానే లోపల మెలిపెట్టడం మొదలయ్యేది. పొదల్లోకి వెళ్లొస్తే కాస్త తెరిపి. మళ్లీ గుడగుడ.

కడుపునొప్పి ఎవరికైనా సొంత వ్యవహారమే. న్యాయాధికారి కడుపునొప్పి మాత్రం కాదు. ఎందుకో చెప్తాను.

ఆ అడవిలో తీర్పుబండ అని ఒక నల్లరాయి ఉండేది. వ్యాజ్యం వచ్చినప్పుడు న్యాయాధికారి దానిమీద కూర్చోవాలి. తీర్పు చెప్పేదాకా దిగకూడదు. దిగితే ఆ పూటకి వాయిదా. ఒకే వ్యాజ్యంలో మూడోసారి కూడా దిగితే ఇక విచారణ లేదు. వస్తువు ఎవరి చేతిలో ఉందో వాళ్లకే ఖాయం. ఈ చట్టం చేసిన పెద్దల కడుపులు చాలా ఆరోగ్యంగా ఉండేవనుకుంటాను.

ఆ వేసవిలో ఒక వ్యాజ్యం నడుస్తోంది. సూదమ్మ అని ఒక ముళ్లపంది ఉండేది. మొగుడు పోయాడు. ఇద్దరు పిల్లలు. ఎర్రమట్టి గట్టులో తన గోళ్లతో తవ్వుకున్న బొరియలో ఉండేది. ఒకరోజు పిల్లలతో దుంపలకి వెళ్లి వచ్చేసరికి, ఆ బొరియలో ఇకిలయ్య అనే దుమ్ములగొండి కాళ్లు చాపుకుని పడుకుని ఉన్నాడు. దుమ్ములగొండిని చూశారుగా, వెనకకాళ్లు కురచ, నవ్వు పొడుగు.

"ఒరే ఇకిలయ్యా, అది నా ఇల్లురా!" అంది సూదమ్మ.

"అలాగా వదినా? తలుపు తీసి ఉంటే అందరిదీ అనుకున్నాను," అన్నాడు ఇకిలయ్య.

"బొరియకి తలుపేమిట్రా?"

"అదే నేనూ అంటున్నాను!" అని ఇకిలించాడు.

సూదమ్మ న్యాయానికి వచ్చింది. మొదటిసారి ఆవిడ నోరు తెరిచి 'అయ్యా' అనేలోగా గుబురుమూర్తి గారు పొదల్లో ఉన్నారు. రెండోసారి 'అయ్యా, నా బొరియ' అన్నంత వరకూ వచ్చింది. ఇక ఒక్కసారే మిగిలింది. వానలు రాబోతున్నాయి. పిల్లలు ఒక వంగిన రాయికింద తలదాచుకుంటున్నారు. వాళ్ల ముళ్లు ఇంకా మెత్తవే. తడిస్తే జలుబు, ఎదురుపడితే నక్క.

గుబురుమూర్తి గారు చెడ్డవారు కాదు. ఇల్లు సూదమ్మదే అని ఆయనకి తెలుసు. తన కడుపువల్ల ఆవిడ ఇల్లు పోతుందేమో అని బెంగ. ఆ బెంగతో కడుపు ఇంకా చెడింది. తర్వాతి విచారణ నెలకి పెట్టి, వైద్యానికి బయల్దేరారు.

మొదట కొంగశాస్త్రి దగ్గరికి వెళ్లారు. ఆయన చెరువులో ఒంటికాలిమీద నిలబడి, కళ్లు మూసుకుని ఉంటాడు. చూసినవాళ్లకి గొప్ప జ్ఞాని అనిపిస్తుంది. చేపలకి మాత్రం అనిపించదు.

"నోరు తెరవండి," అని కొంగశాస్త్రి పొడుగాటి ముక్కు గొంతులోకి దూర్చి చూశాడు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. ముక్కు బయటికి తీసి కడుక్కున్నాడు.

"మీకు ఏ జబ్బూ లేదు. లోపల పుండు లేదు, పురుగు లేదు. అంతా మీ మనసు!"

"మనసా? పొదల్లోకి పరిగెత్తేది నా మనసు కాదు శాస్త్రీ," అన్నారు గుబురుమూర్తి గారు.

"అది కూడా మీ మనసే," అని కొంగ మళ్లీ కళ్లు మూసుకుంది.

తర్వాత ముంగిస వైద్యుడి దగ్గరికి వెళ్లారు. ముంగిస మహా చురుకు. "ఇంతేనా! బిగించేస్తాను!" అని ఒక వేరు ఇచ్చింది. నిజంగానే బిగించేసింది. వారం గడిచినా గుబురుమూర్తి గారు పొదల ముఖం చూడలేదు. పొట్ట డోలులా అయింది. పిచ్చుక వాలితే మోగింది. మళ్లీ పరిగెత్తుకొస్తే, "ఇంతేనా! వదిలించేస్తాను!" అని ముంగిస ఇంకో వేరు ఇచ్చింది. అదీ చెప్పినట్టే చేసింది. ఆ వేళ అడవిలో ఆ పక్కకి ఎవరూ వెళ్లలేదు.

మూడోసారి మీగడమ్మ దగ్గరికి వెళ్లారు. మీగడమ్మ ఒక గేదె. ఒకప్పుడు ఊళ్లో ఉండేది. తాడు తెంపుకుని అడవికి వచ్చేసింది. దూడ తాగగా మిగిలిన పాలు సొరకాయబుర్రలో పోసి, తోడు వేసి, పెరుగు చేసి, మజ్జిగ చిలికేది. గేదె తన పాలు తనే ఎలా పితుక్కుంటుందని అడక్కండి. మాట్లాడగలిగిన గేదె ఆ మాత్రం చేయలేదా?

మీగడమ్మ ఆయన చెప్పిందంతా చివరిదాకా వింది. అంతకుముందు ఇద్దరూ ఈ పని చేయలేదు.

"గుబురూ, నీ నొప్పి నిజమే నాయనా," అంది.

ఆ ఒక్క మాటకే గుబురుమూర్తి గారికి కళ్లు చెమర్చాయి.

"మరి ఆ కొంగ అంతా మనసే అంది, పెద్దమ్మా!"

"మనసూ కడుపూ ఇరుగూ పొరుగూ. ఒకరింట్లో పోట్లాటయితే రెండో ఇంట్లో నిద్ర ఉండదు. అంతమాత్రాన ఆ రెండో ఇల్లు లేదంటామా? ఇదిగో, ఈ పులిసిన మజ్జిగ తీసుకెళ్లు. ఇందులో కంటికి కనపడని ప్రాణులు ఉన్నాయి. బతికున్నవి. రోజూ ఒక దోసెడు తాగు. అవి నీ కడుపులోకి వెళ్లి, అక్కడ ఉన్నవాళ్లతో సర్దుకుని, గొడవ కాస్త తగ్గిస్తాయి."

గుబురుమూర్తి గారు రెండడుగులు వెనక్కి వేశారు.

"బతికున్నవా? నా కడుపులోకా? ఎవరు వాళ్లు? ఏ వంశం? ఎవరి పిల్లలు?"

"పాలని పులవబెట్టడం వాళ్ల పని. మిగతాది చెప్పుకునే తీరిక వాళ్లకి లేదు."

ఇక్కడ మీకో మాట చెప్పాలి. నేను కాలేజీలో చదివేటప్పుడు మా జంతుశాస్త్రం మాస్టారు ఒక పెరుగుచుక్కని సూక్ష్మదర్శినికింద పెట్టి అందరికీ చూపించారు. పుల్లల్లా, పూసల్లా ఏవేవో లోపల కిటకిటలాడుతున్నాయి. ఆ పూట మా హాస్టల్లో సగంమంది పెరుగన్నం ముట్టలేదు. మిగిలిన సగంమంది రెండేసి గరిటెలు వేయించుకున్నారు. ఏ సగానికి కడుపునొప్పి వచ్చిందో ఎవరూ రాసిపెట్టలేదు. సైన్సు అలాంటి చోట్లే మనల్ని వదిలేసి పోతుంది. సరే, కథలోకి వద్దాం.

"ఇది తప్పకుండా పనిచేస్తుందా?" అని అడిగారు గుబురుమూర్తి గారు.

"కొందరికి చేస్తుంది. కొందరికి చేయదు. ఎవరికి చేస్తుందో ముందే చెప్పలేను. మొదట్లో కాస్త ఉబ్బరం కూడా రావచ్చు. నెలరోజులు ఓపికపట్టు. గుణం కనపడకపోతే మానెయ్యి, ఇంకోటి చూద్దాం. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, దీన్ని వేడి చేయకు."

గుబురుమూర్తి గారు మజ్జిగబుర్ర తీసుకుని దారిపట్టారు. నడుస్తూ ఆలోచించారు. కొంగ ఎంత గట్టిగా చెప్పింది! ముంగిస ఎంత గట్టిగా చెప్పింది! ఈవిడేమిటి, తెలియదు అంటుంది? తెలియదని చెప్పేవాళ్లని మనం ఎక్కడ నమ్ముతాం?

దారిలో ఇకిలయ్య ఎదురయ్యాడు. ఎదురవడానికే అక్కడ కూర్చున్నాడు లెండి. న్యాయాధికారి కడుపు చెడి ఉన్నంతకాలం తన ఇల్లు భద్రం అని వాడికి తెలుసు.

"మహాప్రభో! ఆ బుర్రలో ఏమిటండీ పుల్లటి వాసన?"

"మందు. ఇందులో బతికున్న ప్రాణులు ఉన్నాయిట."

"శివశివా!" అని ఇకిలయ్య చెవులు మూసుకున్నాడు. "తమరి కడుపంటే గుడిలాంటిది ప్రభూ! అందులోకి ఊరూ పేరూ లేని గుంపుని తోలమందా ఆ గేదె? వద్దని నేననను. వైద్యం వైద్యమే. ఒక్కసారి ఆ ఉడుకుబుగ్గలో ముంచి తాగితే ఏం పోయింది? మందుకి మందూ దక్కుతుంది, మడికి మడీ దక్కుతుంది."

గుబురుమూర్తి గారి ముఖం వెలిగింది. తను అనుకుంటున్నదే ఎదుటివాడు అంటే వాడంత తెలివైనవాడు మనకి లోకంలో కనపడడు.

నేరుగా బుగ్గ దగ్గరికి వెళ్లి బుర్ర ముంచారు. మజ్జిగ విరిగింది. పైన నీళ్లు తేరాయి, అడుగున ముద్దలు దిగాయి. లోపల ఉన్నవాళ్లు కేకలు వేశారో లేదో తెలియదు. అంత చిన్న గొంతులు న్యాయాధికారులకి వినపడవు.

ఆయన తృప్తిగా తాగారు. "ఇప్పుడు శుద్ధమైంది," అన్నారు. రోజూ అలాగే చేశారు. రోజూ మీగడమ్మ తాజాగా మజ్జిగ ఇచ్చేది, రోజూ ఆయన ముంచేవారు. ఒక్కరోజు కూడా మానలేదు. అంత శ్రద్ధగా తప్పు చేసినవారిని నేను మళ్లీ చూడలేదు.

విచారణ రోజు రానే వచ్చింది. ఆకాశం నల్లగా ఉంది. గుబురుమూర్తి గారు తీర్పుబండ ఎక్కారు. అడవి అంతా చుట్టూ కూర్చుంది. సూదమ్మ పిల్లల్ని చెరో పక్కన పెట్టుకుని ముందుకొచ్చింది. ఈసారి ఆవిడ ఊపిరి పీల్చుకోకుండా చెప్పేసింది.

"అయ్యా బొరియ నేను తవ్వాను మట్టి ఇంకా నా గోళ్లలో ఉంది వీడు దూరాడు పొమ్మంటే పోడు అంతే అయ్యా!"

"బాగుంది. ఇకిలయ్యా, నువ్వేమంటావు?" అన్నారు గుబురుమూర్తి గారు. కడుపులో అప్పుడే చిన్నగా గుడగుడ.

ఇకిలయ్య తీరిగ్గా లేచాడు. వంగి నమస్కారం పెట్టాడు. "ప్రభూ, మా ముత్తాతగారు ఈ అడవికి వచ్చిన కాలంలో..." అని మొదలుపెట్టాడు. ముత్తాత నుంచి తాతకి వచ్చాడు. తాతకి నలుగురు తమ్ముళ్లు. నలుగురి గురించీ చెప్పాడు.

"సంగతికి రా!" అన్నారు గుబురుమూర్తి గారు. ఆయన ముఖంమీద చెమట.

"వచ్చేశాను ప్రభూ. నాకో సాక్షి ఉన్నాడు. పిలిపించాలి."

"ఎవరు?"

"నత్త. పొద్దున్నే బయల్దేరాడు. అదిగో, ఆ మర్రిమాను... కాదు కాదు, ఇంకా ఆ చింతమాను దగ్గరే ఉన్నాడు."

కోతులు పకపకా నవ్వాయి. సూదమ్మ నవ్వలేదు. సాక్షిని వినకుండా తీర్పు చెప్పకూడదని చట్టం. నత్త వచ్చింది. వచ్చి, ఆయాసం తీర్చుకుని, "నేను మొదట్నుంచీ చెప్తాను," అంది.

అప్పుడు ఒక పెద్ద చప్పుడు వినపడింది.

"ఉరిమినట్టుంది ప్రభూ!" అన్నాడు ఇకిలయ్య పళ్లన్నీ బయటపెట్టి.

ఉరిమింది ఆకాశం కాదని అందరికీ తెలుసు. గుబురుమూర్తి గారు రెండు చేతులతో బండని గట్టిగా పట్టుకున్నారు. కళ్లు తేలేస్తున్నారు. నత్త సాక్ష్యం ముగిసేసరికి ఆయన సగమయ్యారు.

సూదమ్మ అరిచింది. "అయ్యా, మీకు దణ్ణం పెడతాను! 'ఇల్లు సూదమ్మది' అని ఒక్క మాట అనేసి దిగండి! రెండే ముక్కలు!"

నిజమే. రెండే ముక్కలు. అంత వ్యవధి ఉంది కూడా. కాని గుబురుమూర్తి గారు ఏ పనైనా శుద్ధంగా చేయాలనుకునే మనిషి, అదే, ఎలుగు. తీర్పుకి ముందు చదవాల్సిన పాఠం ఒకటి ఉంది. అది వదిలేస్తే ఎలా? ఆయన గొంతు సవరించుకున్నారు.

"సకల మృగ పక్షి సరీసృపాదులకు తెలియజేయడమేమనగా... మన పూర్వులు ఏర్పరచిన... ధర్మమార్గమును... అనుసరించి..."

అంతే. బండమీద ఎవరూ లేరు. పొదలు కదులుతున్నాయి.

చట్టప్రకారం బొరియ ఇకిలయ్యకి ఖాయమైంది.

వాడికి తర్వాత శిక్ష పడిందా అని మీరు అడుగుతారు. పడలేదు. ఇప్పటికీ ఆ బొరియలోనే ఉన్నాడు, సుఖంగా ఉన్నాడు. కథల్లో దుర్మార్గుడు చివర్లో గోతిలో పడాలి. వీడు కూడా గోతిలోనే పడ్డాడు, కాని అది సూదమ్మ పిల్లల కోసం మెత్తటి ఆకులు పరిచిన గొయ్యి.

ఆ సాయంత్రమే వాన మొదలైంది. గుబురుమూర్తి గారు తడుచుకుంటూ వంగిన రాయి దగ్గరికి వెళ్లారు. రాయికింద ఇద్దరు పిల్లలు ముద్దగా ముడుచుకున్నారు. చోటు చాలక సూదమ్మ బయటే నిలబడి తడుస్తోంది.

"సూదమ్మా, నన్ను క్షమించు. నేను చేయాల్సిన జాగ్రత్తంతా చేశాను. మజ్జిగ కూడా మరిగే నీళ్లలో ముంచి, శుద్ధిచేసి తాగాను. నా కర్మ, గుణం ఇవ్వలేదు."

సూదమ్మ అరవలేదు. ఒక్క ముల్లు కూడా నిక్కబొడవలేదు.

"మంచిదయ్యా. మీ కడుపులోకి మాత్రం ఎవర్నీ రానివ్వలేదు. నా ఇంట్లోకే రానిచ్చారు," అంది.

కడుపులో నొప్పి గుబురుమూర్తి గారికి అలవాటే. ఇది ఇంకొంచెం పైన, ఎడమవైపు పుట్టింది. దానికి ముంగిస దగ్గర కూడా వేరు లేదు.

మర్నాడు మీగడమ్మ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పారు. మీగడమ్మ నెమరు వేయడం ఆపేసింది.

"చచ్చినవాళ్లని పనికి పిలిచి, పని చేయలేదని తిట్టావా నాయనా?"

"నాకు తెలియలేదు పెద్దమ్మా."

"నేను చెప్పాను కదా!"

"చెప్పావు. వినపడింది కూడా. వినపడిన తర్వాత నాకు నచ్చినట్టు సవరించుకున్నాను."

"ఈ మాట ఒక్కటి శుద్ధంగా చెప్పావు," అంది మీగడమ్మ, కొత్త బుర్ర అందిస్తూ.

ఈసారి ఆయన ముంచలేదు. ముక్కు మూసుకుని, కళ్లు మూసుకుని, లోపలికి వెళ్తున్నవాళ్ల వంశం అడక్కుండా తాగేశారు. మొదటివారం ఉబ్బరం ఎక్కువైంది. "వచ్చినవాళ్లు సామాన్లు సర్దుకుంటున్నట్టున్నారు," అని మీగడమ్మ నవ్వింది. వానలు వెనకపట్టేసరికి నొప్పి కొంత తగ్గింది. కొంతే. పూర్తిగా పోయిందని చెప్తే కథ అందంగా ఉంటుంది, కాని అబద్ధం అవుతుంది. అప్పుడప్పుడూ ఇంకా పరిగెత్తేవారు. ఆ తగ్గింది మజ్జిగవల్ల ఎంతో, ఉడుకుబుగ్గ వాడకం తగ్గించడంవల్ల ఎంతో, ఊరికే కాలం గడవడంవల్ల ఎంతో నేను చెప్పలేను. మీగడమ్మని అడిగితే ఆవిడా చెప్పలేనంది. ఆవిడ మాట మీదే నాకు నమ్మకం.

ఇంకో పని కూడా చేశారాయన. తీర్పు మార్చే అధికారం ఆయనకి లేదు. కాని ఆయన గుహ ఆయనదే. వాన పడ్డ ఆ మొదటి సాయంత్రమే సూదమ్మనీ పిల్లల్నీ అక్కడికి తీసుకొచ్చారు. అంతకుముందు ఆ గుహలోకి గాలి కూడా కాళ్లు కడుక్కుని రావాలి. ఇప్పుడు అందులో మట్టికాళ్లు, సగం కొరికిన దుంపలు, రాలిన ముళ్లు. లోపల చోటు సరిపోక న్యాయాధికారి గారు గుమ్మంలో పడుకునేవారు. వీపు సగం లోపల, సగం వానలో. లోపలి సగానికి పిల్లలు ఆనుకుని ఉండేవాళ్లు. వాళ్లు పెరిగేకొద్దీ ముళ్లు కూడా గట్టిపడ్డాయి.

ఒకరోజు చిన్నది అడిగింది.

"తాతా, మేం ఆనుకుంటే నీకు గుచ్చుకుంటుంది కదా. మేం ఎప్పుడు వెళ్లిపోవాలి?"

గుబురుమూర్తి గారు కదలకుండా, జాగ్రత్తగా జవాబు చెప్పారు. ఈసారి ముందు పాఠమేమీ చదవలేదు.

"ఆనుకున్నప్పుడు కాదే పిచ్చిదానా, లేచినప్పుడు గుచ్చుకుంటుంది. కదలకుండా పడుకో."

నీతి: మందుని మన పట్టింపుకి తగ్గట్టు మార్చుకుంటే పట్టింపూ మిగులుతుంది, రోగమూ మిగులుతుంది; పోయేది మాత్రం పక్కవాడి ఇల్లు.